పడటం కూడా డాన్సే

చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దంగా ఉన్న హాల్లో విజిల్ మోగింది.

స్టేజీ మీద నీలం బట్టల పిల్ల ఒకతె వెల్లకిలా పడి ఉంది. ముందు వరుసలోంచి ఒక పెద్దమనిషి ఒక్క ఉదుటున స్టేజీ ఎక్కి, ఆ పిల్ల పక్కన కూలబడి, మెడ కింద చెయ్యి పెట్టి, "జరగండి, గాలి ఆడనివ్వండి" అని కేకేశాడు. జరగడానికి అక్కడ ఎవరూ లేరు.

ఆ పిల్ల ఒక కన్ను తెరిచింది.

"అంకుల్, నాకేం కాలేదు. ఇది డాన్సు" అంది, పెదవులు కదపకుండా.

ముందు ఎవరో ఒక మూల కిసుక్కుమన్నారు. ఆ తర్వాత హాలు హాలంతా గొల్లుమంది.

ఆయన ఈతకొలను దగ్గర లైఫ్‌గార్డు. పొద్దస్తమానం ఎత్తు కుర్చీలో కూర్చుని, నీళ్ళ మీద కళ్ళు వేసి ఉంచడమే ఆయన పని. మనిషి కదలకుండా కనబడితే ముందు విజిల్, ఆలోచన ఆ తర్వాతే. సెలవు రోజున కూడా ఆ విజిల్ ఆయన మెడలోనే వేలాడుతుంది.

మెట్లు దిగి వస్తుంటే తన బూట్ల చప్పుడే ఆయనకు భరించరానిదైంది. కూర్చోగానే భార్య, "మీ ప్రతాపం కొలను దగ్గర చాల్లేదా?" అని పళ్ళ బిగువున అంది. వెనక సీటాయన ముందుకు వంగి, "గురువుగారూ, ఈసారి తాడూ ట్యూబూ కూడా తెచ్చుకోండి" అన్నాడు. పోనీ తనూ నవ్వేద్దామని చూశాడు కానీ నవ్వు రాలేదు. చెవులు మాత్రం భగభగ మండిపోతున్నాయి.

ఊళ్ళో డాన్సులు కట్టేవాళ్ళందరూ తలా ఒకటి ఆడి చూపించే కార్యక్రమం అది. ఆయన కూతురు సొంతంగా కట్టిన మొదటి డాన్సు అన్నిటికంటే చివర్న ఉంది. తనొక్కతే ఆడాలి. విరామంలో కూతురు ఆయన్ని వరండాలోకి పిలిచి, గోడకేసి చూస్తూ మాట్లాడింది. ఆ విజిలాయన ఎవరని లోపల అందరూ అడుగుతున్నారట. తనకు తెలియదని చెప్పిందట.



"కళ్ళెదుట పిల్ల పడిపోతే ఎలా ఊరుకోనమ్మా?" అన్నాడాయన.

"పడటం కూడా డాన్సే నాన్నా. కావాలనే పడతాం. నేనూ పడతాను. నీకు పుణ్యముంటుంది, ఏం జరిగినా కుర్చీలోంచి లేవకు."

"లేవను."

"మరి అది?"

ఆయన మెడలోంచి విజిల్ తీసి, తాడు చుట్ట చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆమె వంతు వచ్చింది. స్టేజీ మీద ఒక ఎత్తు స్టూలు, దాని మీద ఒకే ఒక్క లైటు. ఆమె స్టూలెక్కి కూర్చుంది. అరచెయ్యి కనుబొమల మీద ఆనించి, మెడను మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పింది. ఆయనకేమీ తట్టలేదు. భార్యే మోచేత్తో పొడిచి, "అది మీరే" అంది.

ఆయన కుర్చీలో ఇంకాస్త ముడుచుకుపోయాడు. తన మీదే డాన్సు కట్టిన పిల్ల పరువు తన చేతులతోనే తీశాడు. హాలు చీకటిగా ఉండబట్టి సరిపోయింది.

ఆమె స్టూలు మీంచి దూకింది. నేల మీదే ఈదింది, మునిగింది, తేలింది. ఆమె పడ్డప్పుడల్లా ఆయన కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని వాటిని ఆపాడు. ఆమె మళ్ళీ స్టూలెక్కి మళ్ళీ దూకింది. ఈసారి లేవలేదు. పాట సాగుతూనే ఉంది. ఒక్క చెయ్యి మాత్రం ముందు వరుస వైపు చాచి, వేళ్ళు విప్పి, మళ్ళీ నేలకు వాల్చేసింది.

ఆయన చెయ్యి జేబులోకి పోయింది. వెనక సీటాయన భుజం తట్టి, "గురువుగారూ, డాన్సండీ" అని గుసగుసలాడాడు. చుట్టుపక్కల నలుగురూ నవ్వు ఆపుకుంటున్నారు. జేబులోంచి చెయ్యి బయటికి వచ్చేసింది.

పాట ఆగిపోయింది. లైటు ఇంకాసేపు ఆమె మీదే తటపటాయించి మెల్లగా ఆరింది. చప్పట్లతో హాలు మారుమోగిపోయింది. ఎంత బాగా పడిందో అని ఒకరు, ఆ చివరి చెయ్యి చూశారా అని ఒకరు. ఆయన అందరికంటే గట్టిగా, అరచేతులు మండేదాకా కొట్టాడు. చేసిన తప్పు ఆ చప్పట్లతో చెల్లిపోవాలన్నట్టు కొట్టాడు. భార్య కళ్ళు తుడుచుకుంటూ, ఇప్పటికైనా బుద్ధొచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాడు.

తెర వెనక గుమ్మం దగ్గర ఒకమ్మాయి అడ్డుపడి, మీరెవరని అడిగింది. ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు. "తెలిసినవాణ్ణి" అని లోపలికి నడిచాడు. 'చూశావా తల్లీ, కదిలితే ఒట్టు' అనాలని దారంతా కూడబలుక్కుంటూనే ఉన్నాడు.

కూతురు ఇంకా స్టేజీ మీదే ఉంది. నీలం బట్టల పిల్ల ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, అంబులెన్సుకు ఫోన్ చెయ్యమని ఎవరికో చెబుతోంది. కూతురి మోకాలి చిప్ప ఉండాల్సిన చోట లేదు.

ఆయన పక్కన కూలబడ్డాడు. కూతురు చెయ్యి చాచి ఆయన చొక్కా జేబు తడిమింది.

"నువ్వు విజిల్ ఊదుతావనే చూస్తూ పడుకున్నాను నాన్నా" అంది.