అందించిన మాట

"ఈరోజుతో ఆ నాటకాల కంపెనీకి దణ్ణం పెట్టేస్తున్నావు నాన్నా. స్టేజీ మీద అందరి ముందూ నేనే ప్రకటిస్తాను. నీ ఎనభయ్యో పుట్టినరోజుకి అదే నా కానుక," అన్నాడు కొడుకు, తండ్రి కోటుకి గుండీలు పెడుతూ.

"కానుకంటే ఇవ్వడం కదరా. ఉన్నది లాక్కుంటున్నావేంటి?" అన్నాడు తండ్రి.

అన్నాడంటే, పెదవులు కదిపాడు. యాభై ఏళ్లుగా ఆయన నాటకాల్లో ప్రాంప్టరు. తెర పక్కన చీకట్లో నిలబడి, మాట మరిచిపోయిన నటుడికి ప్రేక్షకుల చెవిన పడకుండా ఆ మాట అందించడం ఆయన పని. అలవాటైపోయి ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడతాడు. గొంతు పెంచడం చేతకాక ప్రతి వాదనలోనూ ఆయనే ఓడిపోతుంటాడు.

"ఏంటీ?" అన్నాడు కొడుకు.

"ఏం లేదు. సాయంత్రాలు నేనేం చెయ్యను మరి?"

"హాయిగా విశ్రాంతి తీసుకో. మొన్న ఆ హాలు మెట్ల మీద జారావు. అంతకుముందు బస్సు కోసం వానలో నిలబడి జ్వరం తెచ్చుకున్నావు. నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను."

ఆ మాట నిజమే. కొడుక్కి తండ్రంటే ప్రాణం. ప్రాణం కాబట్టే ఇలా ప్రాణం తీస్తున్నాడు.

"ఆ చెప్పేదేదో ఇంట్లో చెప్పొచ్చుగా. నలుగురిలో ఎందుకు?"

"ఇంట్లో చెప్తే ఊ అంటావు, సాయంత్రమయ్యేసరికి చెప్పులు వేసుకుంటావు. నీ సంగతి నాకు తెలియదా నాన్నా?"

తండ్రి ఇంకేదో అన్నాడు. పక్కనే ఉన్న కోడలికి కూడా వినపడలేదు.

హాలు నిండింది. ఒకవైపు బంధువులు, ఇంకోవైపు నాటకాలవాళ్లు. పెద్దాయన్ని స్టేజీ మధ్యలో, సరిగ్గా లైటు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఏనాడూ తన మీద వెలుగు పడని మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు. కంపెనీలో హీరో వేషాలేసే నెరిసిన జుట్టాయన వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"రేపటి నాటకంలో మూడో అంకం ఇంకా నోటికి రాలేదు మాస్టారూ. మీరున్నారన్న ధైర్యంతోనే తిరుగుతున్నాను," అన్నాడు.

పెద్దాయన తల వంచుకున్నాడు. రేపు తెర పక్కన తన చోట ఎవరూ ఉండరని ఈ అమాయకుడికి ఎలా చెప్పడం? ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

కొడుకు తండ్రి కుర్చీ పక్కనే ఉన్న మైకు ముందుకొచ్చాడు. అతను పళ్ల డాక్టరు. రోజంతా అతను మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు నోరు తెరుచుకుని వింటారు, ఒక్కరూ ఎదురు చెప్పరు. అందుకని ఉపన్యాసమంటే తనకి మంచినీళ్లు తాగినంత తేలికని అతని నమ్మకం. ఎందుకైనా మంచిదని అద్దం ముందు నిలబడి బట్టీ కూడా పట్టాడు.

"అందరికీ నమస్కారం. మా నాన్నగారు..."

అక్కడితో ఆగిపోయాడు. నోరు మూసుకుని తనవైపే చూస్తున్న మనుషుల్ని అంతమందిని ఒక్కసారిగా చూడటం అతనికదే మొదలు. బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. రోజూ అందరిచేతా నోరు తెరిపించేవాడు, తనే నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

వెనక వరసలో ఎవరో దగ్గారు. కోడలు చీర కొంగు నలిపేస్తోంది.

తండ్రి కానుకా గీనుకా అన్నీ మరిచిపోయాడు. స్టేజీ మీద ఒక మనిషికి మాట దొరకడం లేదు, ఆ మనిషి తన కొడుకు. పెదవులు వాటంతటవే కదిలాయి.

"నా వేలు పట్టుకుని నడక నేర్పారు..."

"నా వేలు పట్టుకుని నడక నేర్పారు," అన్నాడు కొడుకు, పోయిన ఊపిరి తిరిగొచ్చినట్టు.

"తను మాత్రం ఏనాడూ తెర ముందుకి రాలేదు..."

"తను మాత్రం ఏనాడూ తెర ముందుకి రాలేదు."

హాలంతా చప్పట్లు.

"మైకుకి దగ్గరగా జరుగు."

"మైకుకి దగ్గరగా జరుగు," అన్నాడు కొడుకు గంభీరంగా, ప్రేక్షకుల వంక చూస్తూ.

ముందు వరసలో ఇద్దరు నవ్వాపుకున్నారు. అతనికి ఆ స్పృహే లేదు. నీళ్లలో పడ్డవాడు తాడు పట్టుకున్నట్టు ఆ గుసగుసని పట్టుకుని వేలాడుతున్నాడు. చెవిన పడింది పడ్డట్టు నోట్లోంచి వచ్చేస్తోంది.

పెద్దాయన తల తిప్పి కొడుకుని ఎగాదిగా చూశాడు. సొంత కవిత్వం కలపకుండా, అందించింది అందించినట్టు ఇంత బుద్ధిగా చెప్పే నటుణ్ణి ఆయన తన సర్వీసులో చూడలేదు. కుర్చీని కాస్త ముందుకు లాక్కుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఈ శుభదినాన నాన్నగారికి నేనిచ్చే కానుక ఏంటంటే..." అందించాడు.

"ఈ శుభదినాన నాన్నగారికి నేనిచ్చే కానుక ఏంటంటే," అన్నాడు కొడుకు.

హమ్మయ్య, అసలు విషయానికి వచ్చాడనుకుంది కోడలు. పెద్దాయన పెదవులు ఈసారి కాస్త ఎక్కువసేపు కదిలాయి.

"రేపటి నుంచి ఆయన నాటకాలకి బస్సులో వెళ్లరు. రోజూ సాయంత్రం క్లినిక్కు మూసేసి నేనే కారులో దింపుతాను, ఆఖరి తెర పడేదాకా కూర్చుని నేనే ఇంటికి తీసుకొస్తాను," అన్నాడు కొడుకు మైకులో, ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా.