చిన్న మావయ్య చదువు

ఆదివారం పొద్దున్నే మేనకోడలు చిన్న మావయ్య చేతిలోంచి ఫోన్ లాక్కుని, కుట్టు మిషన్ సొరుగులో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తీసుకెళ్లి అమ్మమ్మ కొంగున ముడివేసింది. ఇక దాన్ని విప్పడం దేవుడి తరం కూడా కాదు.

"మరి టైం చూసుకోవాలంటే ఎలాగే?" అన్నాడు చిన్న మావయ్య.

"గోడ మీద గడియారం ఉందిగా."

"అది ఆగిపోయింది."

"నువ్వూ ఆగిపోయావు కదా, ఇద్దరికీ సరిపోయింది. కూర్చో."

వ్యవహారం నిజంగానే ముదిరిపోయింది. ఏడాదంతా చిన్న మావయ్య థర్మోడైనమిక్స్ పాఠం ముట్టుకోలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ తోసుకుంటూ వచ్చి పరీక్షల ముంగిట్లో పడేశాడు. ఓసారి క్లాసులో కునుకు తీస్తూ కిటికీలోంచి ప్రిన్సిపాల్‌కి దొరికిపోయాడు. ఇంటికెళ్లే గంట కొడితే మాత్రం అందరికంటే ముందు గుమ్మం దాటేది అతనే.

చూసి చూసి ప్రిన్సిపాల్ తన గదిలోకి పిలిచి ఒకటే మాట చెప్పాడు. సోమవారం తానే వచ్చి క్లాసులో కూర్చుంటాడు. ఆ పాఠం నోటికి గడగడా వస్తే సరే. రాకపోతే మంగళవారం నుంచి కాలేజీకి రానక్కర్లేదు.

దానికి తోడు మేనకోడలిదీ అదే క్లాసు. కాలేజీలో ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టే తిరుగుతారు. వరస కలిపితే ఇద్దరికీ నామోషీ.

శనివారం చిన్న మావయ్య టైం టేబుల్ వేసుకున్నాడు. నాలుగు రంగుల్లో వేశాడు. గళ్లు గీయడానికి మధ్యాహ్నం, రంగులు నింపడానికి సాయంత్రం పట్టింది. తీరా చూస్తే అందులో మొదటి గడి శనివారం పొద్దున.

ఆదివారం పెన్సిల్ చెక్కడంతో మొదలుపెట్టాడు. ఆ చెక్కుడుకి పెన్సిలే అయిపోయింది, ఇంకోటి ఉంటే పొట్టు గుట్టంత లేచేది. తర్వాత దాహం వేసింది. మొదటి పేజీ తిప్పేలోపు అతను తాగిన నీళ్లకి వీధి చివర కుళాయి కూడా నీరసపడిపోయింది.

"నీ పుస్తకాలు నువ్వు చూసుకోక వీడి వెంట ఎందుకే పడతావు?" అంది అమ్మమ్మ, జాకెట్టుకి కాజాలు కుడుతూ.

"ఈయన మునిగితే నన్నూ ముంచుతాడు అమ్మమ్మా."

మేనకోడలు పాఠాన్ని ముక్కలు ముక్కలు చేసింది. ఒక్కో ముక్కకి ఒక క్లిప్పు పెట్టింది. ఒకటి చదవాలి, పుస్తకం మూసెయ్యాలి, చూడకుండా అమ్మమ్మకి చెప్పాలి. అమ్మమ్మకి అర్థమైతే ఐదు నిమిషాలు కాళ్లు చాపుకోవచ్చు. కాకపోతే మళ్లీ అదే ముక్క.

చిన్న మావయ్య గొంతు సవరించుకున్నాడు. "ఉష్ణం ఎల్లప్పుడూ అధిక ఉష్ణోగ్రత గల వస్తువు నుండి అల్ప ఉష్ణోగ్రత గల వస్తువునకు ప్రవహించును..."

"ఎవరితో మాట్లాడుతున్నాడే వీడు?"

"నీతోనే."

"అయితే మనిషిలా మాట్లాడమను."

మళ్లీ చదివాడు. మళ్లీ చెప్పాడు. అమ్మమ్మ మళ్లీ తల అడ్డంగా ఊపింది. అలా మధ్యాహ్నం దాకా చిన్న మావయ్య కాళ్లు చాపుకోలేదు. చివరికి చేతులెత్తేసి, తల పట్టుకుని, ఎదురుగా ఉన్న టీ గ్లాసుకేసి చూస్తూ ఉండిపోయాడు.

"అమ్మా, నీ టీ చల్లారిపోయింది."

"నీ పాఠం వింటూ కూర్చుంటే చల్లారదా మరి?"

"ఆ వేడంతా గదిలోకి పోయింది. ఇక దానంతట అది వెనక్కి వచ్చి గ్లాసులో చేరదు. మళ్లీ వేడెక్కాలంటే మనం పొయ్యి వెలిగించాల్సిందే." అక్కడ ఆగి మేనకోడలి వైపు తిరిగాడు. "ఇదేనే, ఈ పేజీలో ఉన్నదంతా ఇదే."

అమ్మమ్మ సూది పక్కన పెట్టింది. "ఈ మాత్రం దానికి ఏడాది పట్టిందిరా నీకు? వెళ్లి వెలిగించు."

ఆ తర్వాత బండి కదిలింది. దీపాలు పెట్టే వేళకి క్లిప్పులన్నీ ఊడిపోయాయి. చిన్న మావయ్య మొహం మాత్రం ఇంకా పాలిపోయే ఉంది.

"అన్నీ వచ్చాయిగా, ఇంకేంటి?" అంది మేనకోడలు.

"అంతమంది ముందు నిలబడాలంటే భయమే. అందరూ నన్నే చూస్తారు."

"చూడనీ. వాళ్లకి మాత్రం వచ్చా ఏంటి?"

సోమవారం ప్రిన్సిపాల్ చెప్పినట్టే వచ్చి, వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చిన్న మావయ్య బోర్డు ముందు నిలబడ్డాడు. టీ గ్లాసుతో మొదలుపెట్టాడు. మధ్యలో ఒకచోట మాట తట్టలేదు. మేనకోడలు మొహం అటూ ఇటూ కదలకుండా పెదాలు మాత్రం కదిపింది. అతను అందుకున్నాడు. అక్కణ్ణుంచి గంట కొట్టేదాకా ఎక్కడా ఆగలేదు.

ప్రిన్సిపాల్ లేచాడు. "మంగళవారం కూడా రావచ్చు" అని ముక్తసరిగా అనేసి బయటికి వెళ్లిపోయాడు.

చిన్న మావయ్య చొక్కా చేత్తో చెమట తుడుచుకుని గుమ్మం వైపు నడిచాడు.

అప్పుడు మూడో బెంచీలోంచి మేనకోడలు వినయంగా లేచి నిలబడి, "మిగతా పాఠాలన్నీ పరీక్షల్లోపు ఎప్పుడు చెబుతారు సార్?" అని అతన్ని అడిగింది.