పది నంబరు పానా

ఎర్ర కారు మళ్లీ రెంటచింతల దగ్గర ఆగిపోయింది.

ఇది నాలుగోసారి. ట్రాక్టరుకు తాడు కట్టి గురజాలలోని సుభానీ షెడ్డు దాకా లాక్కొచ్చారు.

"ఏంది సుభానీ ఇది? టర్బో బండని మోజుపడి కొంటే, ఎద్దులబండి నయమనిపిస్తంది" అన్నాడు పత్తి మిల్లు యజమాని మల్లికార్జునరావు.

సుభానీ తల దించుకున్నాడు. ఇప్పటికే ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు పంపు విప్పి చూశాడు. పొద్దున గుర్రంలా పరుగెత్తే కారు మధ్యాహ్నమయ్యేసరికి మొరాయిస్తోంది. ఎందుకో అంతుపట్టడం లేదు.

షెడ్డు పెట్టి తనకు పని నేర్పిన ఉస్తాద్ జాన్ సాహెబ్ పోయాక ఆరేళ్లుగా ఆ షెడ్డు పేరు నిలబెట్టింది సుభానీయే. ఇప్పుడా పేరు నలుగురిలో నవ్వులపాలవుతోంది.

బస్సుకు టైముందంటూ వచ్చి బెంచీ మీద కూర్చున్న కొత్త మనిషి, టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"బండి మంచిదే. ఈ పెట్టె ఉండాల్సిన చోటు మాత్రం ఇది కాదు" అన్నాడు బానెట్‌లోకి వంగి.

"ఏ పెట్టె?" అన్నాడు మల్లికార్జునరావు.

"ఈ సెన్సారండీ. ఇంజిన్‌లోకి ఎంత గాలి పోతందో కొలిచేది. నిప్పులా కాలే టర్బో పక్కనే పెట్టారు. మన ఎండకు ఆ చోటు కొలిమే. వేడికి కొలత తప్పి పెట్రోలు చాలట్లేదు. హెడ్‌లైటు వెనక చల్లగా ఉంటది, అక్కడికి మార్చాలి."

"నీకెట్లా తెలుసు?" అన్నాడు సుభానీ.

"కువైట్‌లో నా పని ఇదే భాయ్."

"ఇంకేం, మార్చవయ్యా!" అన్నాడు మల్లికార్జునరావు. సుభానీని మాట మాత్రమైనా అడగలేదు.

సుభానీకి కడుపు మండిపోయింది.

కొత్త మనిషి చొక్కా చేతులు మడిచాడు. కారు మీంచి చూపు తిప్పకుండానే వెనక గోడ మీదికి చెయ్యి చాచి, మేకుకు వేలాడుతున్న పది నంబరు పానా అందుకున్నాడు.

'అడక్కుండా నా పానా తీస్తాడేంది? ఎంత పొగరు!' అనుకున్నాడు సుభానీ.

సెన్సారు విప్పి కొత్త చోట బిగించాడతను. వైర్లు పొడిగించాడు. పాత ట్రాక్టరు రబ్బరు గొట్టం కోసి సెన్సారు నుంచి టర్బో దాకా దారి వేశాడు. చేతులు ఎక్కడా తడబడలేదు. అంత బాగా చేయడాన్నే సుభానీ ఓర్వలేకపోయాడు. కళ్లల్లో నిప్పులు పోసుకుంటూ పక్కనే నిలబడ్డాడు.

"గొట్టానికేసిన ఈ క్లిప్పు గట్టిగుండాలి భాయ్. మధ్యలో గాలి దూరిందా, బండి కదలదు" అని చెప్పి అతను చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

సుభానీ అటూ ఇటూ చూశాడు. పానాతో క్లిప్పు వదులు చేశాడు.

కారు గేటు దాటకుండానే దగ్గి దగ్గి ఆగిపోయింది.

"కువైట్ పనితనం ఇదేనా?" అని గద్దించాడు మల్లికార్జునరావు.

సుభానీకి ప్రాణం లేచొచ్చింది.

కొత్త మనిషి బానెట్ లేపి క్లిప్పు చూశాడు. సుభానీ చేతిలో ఉన్న పానాను చూశాడు.

"నాదే పొరపాటండీ. బిగించడం మర్చిపోయా" అన్నాడు. "పానా ఇటివ్వు భాయ్."

ఈసారి కారు మిట్టమధ్యాహ్నం ఎండలో రెంటచింతల దాకా పోయి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చింది.

"ఇక్కడే ఉండిపోవయ్యా! మా మిల్లు లారీలన్నీ నీకే అప్పజెప్తా" అన్నాడు మల్లికార్జునరావు.

సుభానీ ఇక ఆగలేకపోయాడు.

"ఉంటే ఇంకోచోట ఉండమనండి. ఇది నా షెడ్డు. ఇందులో ఇద్దరికి చోటు లేదు!"

కొత్త మనిషి షెడ్డంతా ఒకసారి కలియజూశాడు. గోడ దగ్గరికి వెళ్లి, పానాను దాని మేకుకే తగిలించాడు.

"నీదే భాయ్" అని బస్టాండు వైపు నడిచాడు.

పీడ వదిలిందనుకున్నాడు సుభానీ. అయినా ఆ చేతులు వారమంతా కళ్లముందు ఆడుతూనే ఉన్నాయి.

వారం తర్వాత ఉస్తాద్ భార్య అబిదా వచ్చింది. ఆయన పోయాక ఆమె నరసరావుపేటలో కూతురి దగ్గర ఉంటోంది. సంచిలోంచి స్టాంపు కాగితం తీసి సుభానీ చేతిలో పెట్టింది.

"షెడ్డు నీ పేరున రాశాం నాయనా."

"రాశామంటే... ఎవరమ్మా?"

"నేనూ, మా మౌలాలీ. పద్దెనిమిదేళ్ల కింద నాయన మీద అలిగిపోయాడే, నా కొడుకు. షెడ్డు తనే నడుపుకుంటానని కువైట్ నుంచి వచ్చాడు. ఒకసారి ఇక్కడికొచ్చి చూసిపోయి, మొన్న మళ్లీ విమానం ఎక్కేశాడు."

సుభానీ కాగితాన్ని బెంచీ మీద పెట్టేశాడు.

"నా గురించి... ఏమన్నా చెప్పాడా అమ్మా?"

"చెప్పకేం! చూడకుండా చెయ్యి చాస్తే, చిన్నప్పుడు తను కొట్టిన మేకుకే పది నంబరు పానా చేతికి తగిలిందంట. 'నాయన పెట్టిన చోటు ఇన్నేళ్లూ మార్చనోడిదేనమ్మా షెడ్డు' అన్నాడు."