కోసేసిన నిమిషం

"ఈ వారం కూడా కోసేస్తాడే అలేఖ్యా. నా మనసు చెబుతోంది. చూస్తూ ఉండు, కోసేస్తాడు."

ప్రోగ్రామ్ ఇంకా మొదలవనే లేదు. బాలమణి అప్పటికే కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది.

"ముందు విననివ్వండి ఆంటీ," అంది అలేఖ్య, లాప్‌టాప్‌లో మిషిగన్‌లోని ట్రాయ్ తెలుగు రేడియో పెడుతూ.

కమ్మింగ్ ఊళ్ళోని తన ఇంట్లో, బట్టల క్లోజెట్‌లో కూర్చుని అలేఖ్య వారం వారం ఒక గంట ప్రోగ్రామ్ రికార్డు చేస్తుంది. అమెరికాలోని తెలుగు రేడియోలకి దాన్ని ఊరికే ఇస్తుంది. బదులుగా, అందులో ఆమె పెట్టి పంపే ప్రకటనలు వాళ్ళు కోయకుండా వెయ్యాలి. మిగిలిన ఖాళీల్లో వాళ్ళ ప్రకటనలు వాళ్ళు అమ్ముకోవచ్చు. అదీ ఒప్పందం.

ఆ గంటకి ప్రాణం అందులో వచ్చే సీరియల్. చదివేది అలేఖ్యే. అల్లేది మాత్రం పక్క వీధిలో కొడుకు దగ్గర ఉంటున్న బాలమణి. చదువు పదో తరగతితో ఆగిపోయినా, ఎవరికి ఏ గండం ముంచుకొస్తుందోనని లేచింది మొదలు ఊహించుకునే మనిషి కదా, హత్యలు అల్లడం ఆమెకి పెద్ద పని కాలేదు. తన పేరు చెప్పొద్దంది. డబ్బూ వద్దంది. గంట చివర్లో ఒక్క నిమిషం అడిగి పుచ్చుకుంది. తన కారప్పొడి ప్రకటన కోసం. అదీ తన గొంతుతోనే.

"నేను బాలమణిని. కమ్మింగ్‌లో నిక్షేపంలా ఉన్నాను. నా పొడిలో కారం తక్కువ, నువ్వులు ఎక్కువ. చిన్నపిల్లలు కూడా తింటారు. ఫోన్ చేయండి." ఆ తరువాత నంబరు.

రికార్డు చేసిన రోజు అలేఖ్య పడీపడీ నవ్వింది. "పొడి ఎలా ఉందో చెప్పండి ఆంటీ. మీరెలా ఉన్నారో ఎవరికి కావాలి?"

"ఉండనీవే, నీదేం పోయింది?"

బెంటన్‌విల్‌లో ఆ నిమిషం వేశారు. మిగతా ఊళ్ళలోనూ వేశారు. ట్రాయ్‌లో మాత్రం, ఇదిగో, సీరియల్ అయింది. టక్కుమని చిన్న చప్పుడు. వెంటనే ఎవరిదో రియల్ ఎస్టేట్ ప్రకటన.

"చెప్పానా!" బాలమణి పళ్ళు పటపట కొరికింది.

అలేఖ్య వెంటనే ట్రాయ్ స్టేషన్ ఓనరు తేజేశ్వర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. తను ఇక్కడున్నట్టు చెప్పొద్దని బాలమణి సైగ చేసింది.

"మీ మిగతా యాడ్స్ అన్నీ ప్లే చేస్తున్నాను కదా మేడమ్?" అన్నాడు తేజేశ్వర్. "ఆ పొడి యాడ్ ఒక్కటీ కుదరదు. మా బ్రదర్‌కి ఇక్కడ పచ్చళ్ళ షాపుంది. మీరు పంపే లిస్ట్ చూసి, ఆ నిమిషం ఎక్కడొస్తుందో సిస్టమ్‌లో సెట్ చేసేశాను. అదే కట్ చేస్తుంది. నేను వినను కూడా వినను."

ఫోన్ పెట్టేశాడు.

"ఈయనకి ప్రోగ్రామ్ ఆపేస్తాను ఆంటీ."

"వద్దు! ఆపితే వాడికి హాయి. నా నిమిషం వాడి చేత్తో వాడే వెయ్యాలి. వాడి రేడియోలోనే వెయ్యాలి. అప్పటిదాకా నాకు తిన్నది అరగదు."

"నాలుగు డబ్బాల కారప్పొడికి ఇంత పగేంటి ఆంటీ బాబూ!"

బాలమణి కుర్చీ అలేఖ్య దగ్గరికి జరుపుకుంది.

"వచ్చే వారం సీరియల్ ఆఖరి భాగం కదా. కథలో పెద్దావిడని చంపిందెవరో నువ్వు చదవకు. నా నిమిషంలో నేను చెబుతాను."

అలేఖ్య పగలబడి నవ్వింది.

అనుకున్నట్టే అయింది. బెంటన్‌విల్ వాళ్ళకి హంతకుడు దొరికాడు. ట్రాయ్ వాళ్ళకి రియల్ ఎస్టేట్ ప్రకటన దొరికింది. నెలల తరబడి కాచుకుని విన్న జనం. ఊరుకుంటారా? స్టేషన్‌కి ఒకటే ఫోన్లు. వాట్సాప్ గ్రూపుల్లో తిట్లు. ప్రకటనలు ఇచ్చేవాళ్ళు కూడా మానేస్తామన్నారు. తేజేశ్వర్ దిగొచ్చాడు.

"సిస్టమ్ కోసేసిన ముక్క నా దగ్గర లేదు. ఆ నిమిషం మళ్ళీ పంపండి మేడమ్, వేసి చస్తాను. పోనీ, చంపిందెవరో నాకు చెప్పండి. మా వాళ్ళతోనే చెప్పిస్తాను."

"కుదరదు. ఆ టైమ్‌కి ఇక్కణ్ణుంచి నేరుగా పంపుతాను, పంపింది పంపినట్టు లైవ్‌లో వెయ్యాలి. ముక్క తగ్గినా మీకు ఇంకో సీరియల్ రాదు," అంది అలేఖ్య.

బాలమణి ఆమె చెవి దగ్గరికి వంగింది. "శనివారం పొద్దున వెయ్యమను. పిల్లల్ని డాన్స్ క్లాసులకి దింపే వేళ."

శనివారం ట్రాయ్ రేడియోలో బాలమణి గొంతు ఖంగుమంది.

"పెద్దావిడని చంపింది ఇంకెవరో కాదు, సొంత అల్లుడే! నేను బాలమణిని. కమ్మింగ్‌లో నిక్షేపంలా ఉన్నాను..."

చివరి అంకె దాకా ఎవరూ కోయలేదు.

అలేఖ్య చప్పట్లు కొట్టింది. "పగ తీరింది కదా ఆంటీ!"

"ఇంకా ఎక్కడ తీరిందే. ఈ ఫోన్‌లో ఛార్జింగ్ ఉందా? సిగ్నల్ ఉందా? సరిగ్గా చూడు."

చూస్తుండగానే ఫోన్ మోగింది. మిషిగన్ నంబరు.

"ట్రాయ్ నుంచి మొదటి ఆర్డరు!" అంటూ అలేఖ్య స్పీకర్ నొక్కింది.

"హలో," అంది బాలమణి.

అటునుంచి మాట లేదు. కారు పోతున్న చప్పుడు మాత్రం వస్తోంది.

"ఎవరండీ? కార్లో ఉన్నారా? సీటు బెల్టు పెట్టుకున్నారా?"

మాట లేదు. తప్పు నంబరేమో, పెట్టేద్దామంది అలేఖ్య. బాలమణి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఫోన్‌లోంచి ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది.

"అమ్మమ్మా... నేను ఆద్యని... మా నాన్న రేడియో స్టేషన్‌లో ఇప్పుడే నీ వాయిస్ విన్నాను... మమ్మీతోపాటు నువ్వు కూడా ఆ కార్ యాక్సిడెంట్‌లో చనిపోయావని చెప్పాడు నాన్న."