హెడ్‌లైట్‌లో కొల్లేరు

హెడ్‌లైట్ అద్దం లోపల ఈ చివర నుంచి ఆ చివరకు ఎండిపోయిన బురదగీత కనిపించగానే బండి కొనడానికి వచ్చిన హర్షిణి అక్కడే ఆగిపోయింది.

బండి నీట మునిగింది!

ఏలూరులో బళ్ళ ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే ఉద్యోగం ఆమెది. కొల్లేరు పొంగిన ప్రతిసారీ ఇలాంటి గీతలు ఆమె బల్ల మీదకు ఫొటోలుగా వస్తాయి. పైన ఎంత పాలిష్ కొట్టినా లోపలి గీత పోదు.

"ఏమైందమ్మా, అలా ఉండిపోయారు?" అన్నాడు బండి యజమాని ఆనంద్ పాల్. పెదపాడు హైస్కూల్లో లెక్కల మాస్టారు.

హర్షిణి వేలు పెట్టి చూపించింది. మాస్టారు వంగబోయి, నడుం పట్టుకుని ఆగిపోయాడు.

"అయ్యో! మొన్న వానలకు చేపల చెరువు గట్టు తెగినప్పుడు షెడ్డులోకి నీళ్ళొచ్చాయి. అప్పుడే మునిగి ఉంటుందండీ. తెలిసి తెలిసి మీకు అంటగట్టలేను. వెళ్ళిపోండమ్మా."

హర్షిణి ఆయన్ను ఆశ్చర్యంగా చూసింది. బండి అమ్మేవాడు తన బండి లోపాన్ని తానే ఒప్పుకోవడం ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎరగదు.

"ఆరో బేరం కూడా పోయిందా?" అంటూ వరండాలోకి వచ్చింది మాస్టారి భార్య స్నేహలత. "వచ్చినవాళ్ళంతా ఆ గీత చూడటం, చెప్పుల్లో కాళ్ళు పెట్టడం! వంగి తోలే బండి ఇక ముట్టుకోవద్దని డాక్టరు చెప్పి మూడు నెలలైంది. ఈయన నడుం ఏమైపోవాలండీ?"

హర్షిణి బండి వైపు చూసింది. కొల్లేటి నీళ్ళ మీదకు దూకబోయే లకుముకిపిట్టలా నీలంగా, ముందుకు వాలి ఉంది. ఆరేళ్ళు తోలిన బండే, ట్యాంకు మీద గోటి గీత కూడా లేదు. చైన్ నిన్న కొన్నట్టుంది. ఇలాంటి బండి మీద ఆఫీసుకు వెళ్ళాలని కాలేజీ రోజుల నుంచీ ఆమె కోరిక.

ఆమె దగ్గరున్నది లక్షా ఇరవై వేలు. పేరు మార్పిడి, ఇన్సూరెన్స్ అన్నీ అందులోనే. కొత్తది అందదు. మూడొందల యాభై సీసీ దాటితే థర్డ్ పార్టీ ప్రీమియమే రెట్టింపు. తణుకు, తాడేపల్లిగూడెం తిరిగి తిరిగి చివరికి ఈ రెండొందల సీసీ బండి దగ్గర ఆగింది. కానీ మునిగిన ఇంజన్ రేపు బిగుసుకుపోతే, తాను కొనక ముందు జరిగిన నష్టానికి ఏ కంపెనీ పైసా ఇవ్వదు.

"సరేనండీ, వస్తాను," అంటూ బండి పక్కన పెట్టిన హెల్మెట్ అందుకోవడానికి వంగింది.

వంగినది వంగినట్టే బండి స్టాండు వైపు చూసింది.

"మాస్టారూ, దీనికి సెంటర్ స్టాండు లేదు కదా?"

"స్పోర్ట్స్ బండికి సెంటర్ స్టాండేంటమ్మా? సైడ్ స్టాండే."

"అంటే ఎప్పుడు నిలబెట్టినా ఎడమకు వాలే ఉంటుంది. బండి వాలుతుంది గానీ నీళ్ళు వాలవు కదండీ! గీత అద్దానికి ఏటవాలుగా పడాలి. ఇదేమో స్కేలు పెట్టి అడ్డంగా గీసినట్టుంది. లెక్కల మాస్టారు, మీకు నేను చెప్పాలా?"

"ఆ రోజు గోడకు నిటారుగా ఆనించామేమో..."

హర్షిణి సెల్‌ఫోన్ లైటు వేసి హెడ్‌లైట్ కింద వైర్ల సాకెట్లు విప్పి చూసింది. తుప్పు మచ్చ లేకుండా తళతళలాడుతున్నాయి. ఇంకా కింద బిగించి ఉన్న హారన్ మోగించి చూసింది. వీధి చివరి కుక్క లేచి నిలబడింది.

"ఆంటీ, పాలసీ కాగితం ఒకసారి ఇస్తారా?"

స్నేహలత పరుగున తెచ్చింది. హర్షిణి కళ్ళు కాగితం మీద పరిగెత్తాయి.

"నో క్లెయిమ్ బోనస్ యాభై శాతం. వరసగా ఐదేళ్ళు ఒక్క క్లెయిమూ లేదు. పైగా నీళ్ళు దూరి ఇంజన్ పాడైతే ఇచ్చే కవరు కూడా కట్టారు. అన్నీ కట్టినవాళ్ళు బండి మునిగితే ఊరుకుంటారా? ఇది మునగలేదు ఆంటీ. ఎవరో హెడ్‌లైట్ విప్పి, బల్ల మీద నిటారుగా పెట్టి బురదనీళ్ళు పోశారు!"

"అమ్మ తల్లీ, పోలీసులు కూడా ఇంత చూడరే!" స్నేహలత ముక్కున వేలేసుకుంది.

"మీరు చెప్పిన ధరకే తీసుకుంటానండీ. లక్షా పది."

మాస్టారు నోరు తెరిచేలోపే స్నేహలత తాళం తెచ్చి హర్షిణి చేతిలో పెట్టేసింది. ఆ వెంటనే కొంగు బిగించింది.

"ఎవరి పనో నాకు తెలుసు. ఆ మెకానిక్ మనోజ్ గాడే! కిందటి నెల సర్వీసుకి వాడే తీసుకెళ్ళాడు. బేరాలు చెడగొట్టి సగం ధరకు కొట్టేద్దామని వేశాడు ఎత్తు. వాడి నంబరు నా ఫోన్లోనే ఉంది. ఇప్పుడే ఎస్సైగారి ముందు నిలబెడతాను."

ఆమె నొక్కిన నంబరు రింగవుతోంది. ఆనంద్ పాల్ చటుక్కున ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేశాడు. బండి ట్యాంకు మీద చెయ్యి వేశాడు.

"వాణ్ణేమీ అనకు స్నేహా. కొల్లేటి ఒండ్రు తెచ్చింది నేను, మన డైనింగ్ టేబుల్ మీద హెడ్‌లైట్ పెట్టి పోసింది నేను... దీన్ని ఇంకొకళ్ళు తోలుకుపోతుంటే చూడలేక, వచ్చినవాళ్ళందర్నీ తరిమేసింది నేనే!"