లేనివన్నీ రాసిన ప్యాకెట్టు

కృష్ణకు పెద్ద వరద వచ్చిన ఏడు నుంచి లెక్కపెడితే అది పదిహేనో ఏడు. ఎండలు ముదురుతున్న ఒక పొద్దున, దశరథం తన కూతురు చేతిలోంచి పల్లీల ప్యాకెట్టు లాక్కున్నాడు.

భార్గవికి ఏడో నెల. రెండేళ్లు దవాఖానల చుట్టూ తిరిగితే నిలిచిన కడుపు. పురిటికి పుట్టింటికి వస్తూ కొత్తకోటలో బస్సు దిగి, హరీష్ దుకాణంలో ఆ ప్యాకెట్టు కొనుక్కుంది.

"దీని మీద ఏం రాసిండ్రు, చదువు" అన్నాడు దశరథం. అతను బడికి పోయింది మూడేళ్లే. అక్షరాలు తెలుసు గానీ ఇంత సన్నవి తెలియవు.

భార్గవి చదివింది. సహజ వేరుశనగలు. కొలెస్ట్రాల్ లేదు. గ్లూటెన్ లేదు. చక్కెర కలపలేదు. రసాయనాలు లేవు.

"పల్లీల్ల చక్కెర ఎవడు కలుపుతడు?"

"ఎవరు కలపరు నాయినా. లేదని రాస్తే జనం కొంటరు."

"అన్ని లేనివే రాసిండు. రాళ్లు లేవని రాయలె."

ఆర్గానిక్ అంటే వేరనీ, దానికొక ముద్ర ఉంటుందనీ భార్గవి వివరించింది. ప్యాకెట్టు తిప్పి తిప్పి చూశాడు. ముద్ర లేదు.

"మరి సహజం అంటే?"

"మంచిది అని."

"ఎవరు చెప్పిండ్రు?"

"ప్యాకెట్టే చెప్తది."

వెనుక వైపు ఇంకో వరుస ఉంది. 'దశరథం గారి చేనులో పండినవి.' భార్గవి నవ్వి, అందుకే కొన్నానంది. వంటింట్లోంచి ఈదమ్మ కూడా వచ్చి చూసింది.

"పేరు అచ్చయితే మొకం గట్ల పెడ్తవేంది? బిడ్డ పెండ్లి పత్రిక మీద గూడ నీ పేరు ఇంత పెద్దగ రాలె" అంది.

దశరథం నవ్వలేదు. అతనికి రోడ్డు పక్కన మూడెకరాల చేను ఉంది. అది అమ్మకానికి. పోయిన పంటకు దానికి నాలుగుసార్లు పురుగుమందు కొట్టాడు. బావి వెనుక ఉన్న అరెకరం పంట ఇంటి తిండికి. దానికి ఒక్క చుక్క తగలనివ్వడు. ఆ వైపు రైతులందరిదీ అదే పద్ధతి. రెండింటికీ విత్తనం ఒకటే, కాయ ఒకటే. మూడెకరాల పంట మార్కెట్టుకు పోగా ఆరు సంచులు మిగిలాయి, ఇంటి పంట కూడా ఆరు సంచులే; అన్నీ కొట్టు గదిలోనే చెరో గోడకు పెట్టారు. ఆ మిగిలిన ఆరు సంచులు హరీష్ కొనుక్కున్నాడు. అంటే ప్యాకెట్టులో ఉన్నది మందు కొట్టిన పల్లి.

"ఇది ముట్టకు బిడ్డా. మన ఇంట్లవే తిను" అని ప్యాకెట్టు సంచిలో వేసుకుని కొత్తకోట బస్సెక్కాడు.

హరీష్ దుకాణంలో ఒకామె అవే ప్యాకెట్లు రెండు పట్టుకుని నిలబడింది. దశరథం ఆమె పక్కకు పోయి, అవి కొనవద్దని చెప్పాడు. ఎందుకని అడిగింది. పండించింది తానేనన్నాడు. ఆమె ఒకసారి అతన్ని, ఒకసారి ప్యాకెట్టును చూసి, రెండూ అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

హరీష్ గల్లా వదిలి వచ్చాడు. "పెద్దయ్యా, నీ చేనుకు నువ్వే ఎదురు తిరిగితే ఎట్ల?"

"నా పేరు తీసెయ్. లేకుంటే సహజం అన్న మాట తీసెయ్."

"ఎందుకు?"

"నాలుగు మార్లు మందు కొట్టిన. పంపు నా భుజం మీదనే ఉండె."

హరీష్ లోపలికి పోయి ఒక కాగితం తెచ్చాడు. సంచులు రాగానే హైదరాబాదుకు పంపి పరీక్ష చేయించాడట. మందు ఆనవాలు కూడా లేదని వచ్చిందట. అది వచ్చాకే ఆ మాటలు అచ్చు వేయించాడట.

"నా చేత్తోని కొట్టిన మందు కాగితంల ఎట్ల పోతది?"

"నన్నడిగితే? నువ్వు ఇచ్చిన సంచులే పెద్దయ్యా. నువ్వు బీచుపల్లి మొక్కు తీర్చ పోయిన రోజు, పెద్దమ్మ దగ్గరుండి ఆటోకు ఎక్కిచ్చింది. నేను మూతి గూడ విప్పకుండ రెండు సంచుల్ల గింజ తీసి పంపిన, బొక్క పెట్టి."

దశరథం కాగితం అందుకున్నాడు. అంతా ఇంగ్లీషు. కింద మాత్రం గుండ్రటి ముద్ర ఉంది. ముద్రను వేలితో రుద్ది చూశాడు. చెరగలేదు. కాగితం తిరిగిచ్చి బస్టాండు వైపు నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. భార్గవి అరుగు మీద కూర్చుని, ఇంటి పల్లీలతో చేసిన లడ్డూలు తింటోంది. పొద్దటి నుంచి అది అయిదోదని ఈదమ్మ మురిపెంగా చెప్పింది. దశరథం భార్యను కొట్టు గదిలోకి పిలిచి సంచుల సంగతి అడిగాడు. వాన కారి గోడ తడిస్తే సంచులు అటువి ఇటు జరిపిన సంగతి, ఆటోవాడు తొందరపెట్టిన సంగతి ఆమె చెప్పింది. ఇంత మాత్రానికి లోపలికి పిలవాలా అని కసురుకుంటూ బయటికి వచ్చింది.

అతను వచ్చి కూతురు ముందున్న గిన్నె ఎత్తి అటక మీద పెట్టాడు.

"అదేంది నాయినా?"

"పైత్యం చేస్తది."

"పొద్దుగాల నువ్వే తినమంటివి గద."

"పొద్దుగాల చెయ్యదు."

తల్లీకూతుళ్లు మొహాలు చూసుకున్నారు. దశరథం సగం అన్నం తిని లేచాడు.

తెల్లారి మొదటి బస్సుకే కొత్తకోట పోయాడు. హరీష్ ఇంకా తలుపులు తీస్తున్నాడు. దశరథం తన పేరున్న ప్యాకెట్లు ఎన్ని ఉన్నాయని అడిగాడు. పందొమ్మిది అన్నాడు హరీష్. అన్నీ కట్టమన్నాడు.

"కాగితం నమ్మినట్టేనా పెద్దయ్యా?"

"నమ్మిన."

"మరి ఇంట్ల ఆరు సంచులు పెట్టుకొని ఇవెందుకు?"

దశరథం డబ్బులు లెక్కపెట్టి గల్లా మీద పెట్టాడు. మూట భుజానికెత్తుకున్నాడు.

మొక్కు రోజు ఈదమ్మ ఆటోకు ఎక్కించింది ఇంటి సంచులు.