ఒట్టన్‌చత్రంలో ‘అవసరం’

కళైవాణి ఆ మనిషి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ముట్టొద్దు! ఎవరు నువ్వు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. భుజాన బ్యాగు, నలిగిన చొక్కా, బస్సులో దూరం నుంచి వచ్చిన వాలకం.

కౌంటరు మీద ఎండబెట్టిన అప్పడాల్లా వరసగా పాత ఫోన్లు. తమిళనాడులోని ఒట్టన్‌చత్రం మార్కెట్టులో కూరగాయలు, పూలు అమ్మే ఆడవాళ్లవి. ఎనిమిదేళ్ల కిందట మహిళా సంఘం నలభై మందికీ ఒకే రకానివి కొనిచ్చింది. చేసిన కంపెనీ వాటినెప్పుడో గాలికొదిలేసింది.

వచ్చే సోమవారం నుంచి మార్కెట్టు యాప్‌లో పేరుంటేనే వేలం. ఆ యాప్ పాత ఫోన్లలో తెరుచుకోదు. ఇక దళారి చేతిలో బుట్ట పెట్టి, ఆయన చెప్పిన ధరకి తలూపాల్సిందే.

"కొత్తవి కొనుక్కోండమ్మా" అన్నారు చూసినవాళ్లంతా.

"ఏంటికి కొనాల? పగిలినాయా, కాలినాయా? మా ఫోన్లకి చావెప్పుడో రాసేదానికి వాళ్లేమన్నా బ్రహ్మలా?" అంది కళైవాణి.

మార్కెట్టు గేటు పక్కనే ఆమెది ఫోన్లు బాగుచేసే కొట్టు. కంపెనీలు వదిలేసిన ఫోన్లకి ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని, పైసా తీసుకోకుండా, కొత్త సిస్టం రాసి ఇంటర్నెట్లో పెడుతుంటారని ఆమెకి తెలుసు. ఈ రకానికి రాసేది ప్రపంచం మొత్తానికి ఒక్కడే. ఆ సిస్టం దించి నలభైకీ ఎక్కించింది. యాప్ చక్కగా తెరుచుకుంది.

కానీ ఫోను చేస్తే ఇవతలి గొంతు అవతలికి వినబడదు! కేరళ వ్యాపారి ధర అడిగితే మూగసైగలు చెయ్యాలా?

ఆ రాసేవాడికి తన ఊరూ కొట్టూ చెప్పి ఇంగ్లీషులో మొరపెట్టుకుంది. ‘ప్రయత్నిస్తాను’ అని ఒక్క ముక్క జవాబు. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఈ గోల చాలదన్నట్టు, కొత్త ఫోన్ల బండివాడొకడు వారంగా మార్కెట్టు చుట్టూ తిరుగుతున్నాడు. పాతది పట్టుకుపోయి కొత్తది అంటగట్టడమే వాడి పని.

"అవసరం మా, అవసరం! ఈ రోజే ఆఖరు!" అని రోజూ అదే అరుపు.

తరాలుగా అక్కడే స్థిరపడినవాళ్ల తెలుగులో, తమిళంలో లాగే, అవసరమంటే తొందర.

కొత్త మనిషికి ఆ సంగతేం తెలుసు? అంతదాకా ఏ భాషలో మాట్లాడాలో తెలియక నీళ్లు నమిలినవాడు, ఆమె నోట తెలుగు వినేసరికి ప్రాణం లేచొచ్చినట్టు నవ్వాడు.

"మీరు తెలుగువారా! హమ్మయ్య. ఏం లేదండీ, వీటిలో ఒకటి నాకు అవసరం. ఒక్క పూట చాలు."

"అవసరమా? ఏమయ్యా నీకంత అవసరం?"

"చాలా అవసరమండీ. అందుకేగా ఇంతదూరం వచ్చాను."

కళైవాణికి ఒళ్లు మండిపోయింది.

"చూడండక్కా, ఈయనదీ అదే పాట! తమిళంలో చెప్తే మనం వినలేదని తెలుగాయన్ని పంపించినారు!"

వంకాయ బుట్టలు దించి ఆడవాళ్లు మూగారు.

"అది కాదండీ, నేను..."

"పోదుం, చాలు! ఇంకొక్క మాట వద్దు! పోయి నిన్ను పంపిన ముదలాళికి చెప్పు. ఈ ఫోన్లలో ఒక్కటి కూడా మా చెయ్యి దాటదు. సోమవారం వేలంలో ఇవే పలుకుతాయి. పలక్కపోతే గేటుకాడ నిలబడి నేనే అరస్తాను ధర!"

ఆయన ఆమె వైపు ఒక క్షణం చూశాడు. మొహంలో కోపమన్నది లేదు. చేతులు జోడించి, నవ్వుకుంటూ బస్టాండు దారి పట్టాడు.

"తిట్టినా నవ్వుతుండాడు చూడు, సిగ్గులేని మనిషి" అంది కళైవాణి.

ఆదివారం పొద్దున ఇంటర్నెట్లో కొత్త వెర్షను కనిపించింది. గబగబా ఒక ఫోనుకి ఎక్కించి, కాకరకాయలమ్మే తిరుమలమ్మాళ్‌కి సందు చివర ఇంకో ఫోనిచ్చి నిలబెట్టింది.

"అవ్వా, నా గొంతు వినబడుతుండాదా?"

"చెవి పగులుతుండాది, మెల్లగా మాట్లాడవే!"

కొట్టు ముందు ఒకటే కేకలు, నవ్వులు. మధ్యాహ్నానికల్లా అన్ని ఫోన్లూ నోరు తెరిచాయి.

బస్టాండులో పూలమ్మే పొన్ను మాత్రం తన సంఘం ఫోను బాగుచెయ్యడానికి ఇవ్వలేదు.

"నాది శుక్రవారమే సరైపోయిందక్కా. నువ్వు తరిమితివే, ఆయనే చేసినాడు. నా ఎదురుగానే కూసోని చేస్తానంటే సరి అని ఇచ్చితి. పొద్దుగూకే దాకా లాప్‌టాప్ మీద వంచిన తల ఎత్తలేదు."

కళైవాణి చేతిలోని ఫోను కింద పెట్టేసింది.

"ఆయన... అవసరమన్నాడు కదా?"

"నేనూ అడిగితి. వాళ్ల ఊళ్లో అవసరమంటే తొందర కాదంటక్కా, కావాలనంట! మళ్లీ నీ కొట్టుకి పోదాం రమ్మంటే, వద్దులేమ్మా, ఆవిణ్ణి అలాగే ఉండనీ అన్నాడు. పాపం, ఒక్క టీ తాగి పళని బస్సు ఎక్కేసినాడు."

కళైవాణికి ఏడుపొచ్చినంత పనయింది. వెర్షనుతో పాటు వచ్చిన చీటీ, సంబరంలో పడి చదవనేలేదని గుర్తొచ్చి, ఇప్పుడు తెరిచింది.

ఇంగ్లీషులో నాలుగే ముక్కలు: ‘నా దగ్గరి ఫోనులో కనబడని గొంతు లోపం సరిచేశాను. ఒట్టన్‌చత్రం బస్టాండులో పరీక్షించాను. తనవాళ్ల ఫోను ఒక్కటి కూడా ఇవ్వనని నన్ను తరిమేసిన అక్కకి దండాలు. ఈ ఏడాదితో ఈ ఫోనుకి రాయడం మానేద్దామనుకున్నాను, ఇక మానను.’